సీలు తీయని బండి

ఆ ఇంట్లో ఆదివారం పొద్దున మొదటి స్నానం బండిది. మనుషుల వంతు ఆ తర్వాతే. ఆరేళ్లుగా ఇదే వరస. ఇంటాయన రెండు బకెట్ల నీళ్లు, మూడు రకాల గుడ్డలు పట్టుకుని వీధివైపు షెడ్డులోకి వెళ్తాడు. కొండలూ వాగులూ ఎక్కి దిగడానికని తయారైన పెద్ద ఆఫ్‌రోడ్ పికప్ ట్రక్కు అక్కడ పెళ్లికాని పెద్దమనిషిలా ముస్తాబై నిలబడి ఉంటుంది. సీట్ల మీద కంపెనీవాళ్లు వేసిన ప్లాస్టిక్ కవర్లు ఇంకా అలాగే ఉన్నాయి.

ఆయన ఒక యంత్రాల విడిభాగాల గోడౌన్లో స్టోర్ కీపరు. సీలు తెగిన పెట్టె వస్తే సంతకం పెట్టడు. ముట్టుకోని వస్తువు ధర తగ్గదన్నది ఆయన పాతికేళ్ల ఉద్యోగంలో నేర్చుకున్న ఒకే ఒక్క పాఠం. గోడౌన్లో అందరూ ఆయన్ని "సీలు సారు" అని పిలుస్తారు. అది గౌరవం కొద్దీ అంటున్నారని ఆయన నమ్మకం.

"కాఫీ చల్లారిపోతోంది," భార్య గుమ్మంలోంచి కేకేసింది.

"వస్తున్నా. బ్రోకరు పదింటికి వస్తానన్నాడు. ఈలోగా డాష్‌బోర్డు ఒకసారి తుడిచేస్తే..."

"అది ఇప్పటికే నా మొహం కంటే మెరుస్తోందిలెండి."

డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న కూతురు తలుపు వెనకనుంచి కిసుక్కున నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆవిడా నవ్వలేదు. ఆవిడకి ఆ రోజు నవ్వొచ్చే రోజు కాదు.

సందు చివర మూలమీద ఉన్న కొట్టు మళ్లీ ఖాళీ అయింది. ఒకప్పుడు అది ఆవిడదే. మూడు కుట్టుమిషన్లు, ఇద్దరు పనిచేసే ఆడవాళ్లు, గాజు తలుపు వెనక తగిలించిన జాకెట్లు. ఆరేళ్ల క్రితం దాన్ని అమ్మించి, ఆ డబ్బుతో ఈ బండి కొన్నాడు ఆయన. అప్పట్లో ఆ మోడలుకి నెలల తరబడి వెయిటింగు. బుక్ చేసినవాళ్లు తీసుకున్న నెలకే కొన్నదానికంటే ఎక్కువకి అమ్ముకుంటున్నారని గోడౌన్‌కి వచ్చే లారీ డ్రైవర్లు చెప్పుకునేవారు. "మూడేళ్లు ఆగు. ఒక కొట్టు కాదు, రెండు కొట్లు కొనిస్తా" అన్నాడు. ఆవిడ నమ్మింది. నమ్మకపోతే ఏం చేసేదో ఆవిడకీ తెలియదు.

బండి వచ్చిన ఎనిమిది నెలలకి ఒకాయన నిజంగానే ఇంటికొచ్చి కొన్న ధరకి అడిగాడు. "ఇంకా పెరుగుతుంది" అని ఈయన పంపేశాడు. మళ్లీ అంత మాట అన్నవాడు లేడు. ఇప్పుడు కొట్టు యజమాని, దాన్ని తిరిగి కొనుక్కోడానికి ఆవిడకి పాత పరిచయం కొద్దీ ఆ సాయంత్రం నాలుగింటిదాకా గడువిచ్చాడు. ఆ తర్వాత మందుల షాపువాడికి ఇచ్చేస్తానన్నాడు.

పదిన్నరకి బ్రోకరు వచ్చాడు. బక్కపలచటి మనిషి, చేతిలో చిన్న టార్చి. బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైరు పక్కన వేలితో గీరాడు.

"ఎక్కువ తిరగలేదా సార్?"

"ఐదు వందల కిలోమీటర్లు దాటలేదు," అన్నాడు సీలు సారు, పిల్లకి ఫస్టు ర్యాంకు వచ్చినంత గర్వంగా. "షోరూమ్ నుంచి ఇంటికి, ఇంటినుంచి సర్వీసుకి. అంతే. వానలో కూడా తీయలేదు."

"అదే కనిపిస్తోంది. టైర్లు నిలబడి నిలబడి పగిలిపోయాయి. నాలుగూ మార్చాలి." బ్రోకరు తలుపు తీసి, సీటు మీది ప్లాస్టిక్ కవరు ఒక మూల ఎత్తాడు. గుప్పున ముక్కిన వాసన కొట్టింది. కింద బట్టంతా నల్లటి బూజు. "గాలాడక లోపల చెమ్మ పట్టేసింది సార్. దీనికంటే కవర్లు తీసేసి పిల్లల్ని ఎక్కించి తిప్పుంటే బాగుండేది."

ఆయన గబగబా ఆ కవరు మూలని మళ్లీ కప్పేశాడు. భార్య గోడకి ఆనుకుని చేతులు కట్టుకుంది. కూతురు మెట్టు మీద కూర్చుని తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూస్తోంది.

బ్రోకరు నేలమీద వెల్లకిలా పడుకుని, టార్చి వేసి బండి కిందికి జరిగాడు. కాసేపటికి లోపల్నుంచి గొంతు వినిపించింది. "ఇదేంటి సార్, వాన చుక్క పడలేదన్నారు. ఇక్కడ ఎర్రమట్టి గట్టిగా పట్టేసి ఉందే. కింది రేకు మీద రెండు గీతలు కూడా ఉన్నాయి, రాయి తగిలినట్టు."

"అసంభవం!"

"మీరే చూడండి."

ఆయన చూశాడు. లేచి, చేతికంటిన ఎర్రటి పొడిని నమ్మలేనట్టు నలిపాడు. తర్వాత బండి డాష్‌బోర్డు అరలోంచి ఒక అట్ట ముక్క తీశాడు. స్టోర్లో ప్రతి వస్తువు పక్కనా ఒక చీటీ వేలాడుతుంది, ఎప్పుడు ఎందుకు ఎంత తీశారో రాసుకోడానికి. బండికి కూడా అలాంటి చీటీ పెట్టుకున్న మనిషి ప్రపంచంలో ఈయనొక్కడే అయ్యుండాలి.

"ఇదిగో, తారీఖులతో సహా ఉంది. సర్వీసుకి, ఇరవై నాలుగు. సర్వీసుకి, ఇరవై నాలుగు. సర్వీసుకి, నలభై ఒ..."

ఆగిపోయాడు. ఆయన లెక్కలో కిందటేడాది సర్వీసు తర్వాత బండి షెడ్డు దాటలేదు. అందుకే చీటీ తీసే పనే పడలేదు. చివరి వరసలో తన రాతలాగే ఉన్న ఆ అక్షరాలు తనవి కావు. ఆ తారీఖున తను ఊళ్లో కూడా లేడు, పక్క ఊరి గోడౌన్లో సరుకు లెక్క చూస్తున్నాడు.

"ఇది నేను రాయలేదే," అన్నాడు. అంటూనే కూతురివైపు తిరిగాడు.

"నేనే రాశాను నాన్నా," అంది అమ్మాయి, కళ్లు దించకుండా.

"రాయమన్నది నేను. దాన్నేం అనకండి," అంది తల్లి.

సీలు సారు గొంతు షెడ్డు రేకుల్ని తాకింది. "అందుకే! అందుకే రేటు రావట్లేదు! ఆరేళ్లు కంటికి రెప్పలా కాపాడాను. నా వెనక, దొంగతనంగా... ఎవడు నడిపాడు? రాళ్లల్లోకి ఎవడు తీసుకెళ్లాడు?"

బ్రోకరుకి ఇలాంటివి కొత్తేం కాదు కాబోలు, చొక్కా దులుపుకుంటూ అడ్డొచ్చాడు. "సార్, ఒక్క మాట. ఆ గీతలకి నేను రూపాయి కూడా తగ్గించను. కొండలెక్కే బండికి కింద ఆ మాత్రం గీతలు లేకపోతేనే అనుమానం. రేటు తగ్గింది ఏళ్లవల్ల. ఈ మోడల్ కంపెనీవాళ్లు ఆపేశారు, కొత్త ఇంజినుతో కొత్తది వచ్చింది. అడవిదాకా పోయే బండైనా, షెడ్డులో ఉన్న బండైనా, ఆరేళ్లు ఆరేళ్లే. పైగా నిలబెట్టినదానికి రోగాలెక్కువ. టైర్లు, బ్యాటరీ, రబ్బర్లు, సీట్లు అన్నీ నేను చేయించుకోవాలి. కొన్నదాంట్లో మూడో వంతు ఇస్తాను. ఆపైన నావల్ల కాదు. సాయంత్రందాకా ఆలోచించుకోండి."

అతను వెళ్లిపోయాడు. మూడో వంతుతో కొట్టు రాదని ముగ్గురికీ తెలుసు. అది తెలిశాక కూడా సీలు సారు వదిలిపెట్టలేదు.

"ఎవరు నడిపారని అడుగుతున్నాను."

"మా నాన్న," అంది భార్య.

ఆవిడ తండ్రి పోయి పది నెలలైంది. ముప్పై ఏళ్లు కొండమీది క్వారీకి టిప్పర్ లారీ నడిపిన మనిషి. ఊపిరితిత్తులు పాడై చివరి రెండేళ్లూ ఈ ఇంట్లోనే, ముందుగదిలో మంచం మీద గడిపాడు. ఆ కిటికీలోంచి చూస్తే కనిపించేది ఈ బండే.

"మూడుసార్లు అడిగాడు మిమ్మల్ని. గుర్తుందా? 'అల్లుడుగారూ, ఒక్కసారి క్వారీ రోడ్డుకి తీసుకెళ్తారా, ఆ మలుపులు మళ్లీ చూడాలనుంది' అని. నోరు తెరిచి ఏదీ అడగని మనిషి. మీరేమన్నారు?"

ఆయన చేతిలోని చీటీని మళ్లీ అరలో పెట్టబోయాడు.

"'మట్టి తగిలితే రేటు పడిపోతుంది మావయ్యగారూ. అమ్మే ముందు తప్పకుండా వెళ్దాం' అన్నారు. అమ్మే ముందు! డాక్టరు మూడు నెలలని చెప్పాడు. మీరు మాత్రం అమ్మే ముందంటారు."

"నాకు... డాక్టరు అంత తక్కువ చెప్పాడని..."

"చెప్పాను. వినలేదు. ఆ రోజు కూడా పాలిష్ పెడుతున్నారు."

అమ్మాయి మెట్టుమీంచి లేచింది. "తాతయ్యే నడిపాడు నాన్నా. నేను పక్కన కూర్చున్నా. అమ్మ వెనక సీట్లో. ఆక్సిజన్ సిలిండరు అమ్మ ఒళ్లో పెట్టుకుంది. స్టీరింగ్ పట్టుకోగానే దగ్గు ఆగిపోయింది తెలుసా? ప్రతి మలుపు దగ్గరా ఒక కథ చెప్పాడు. ఒక చోట నీళ్లలోంచి దాటించి, 'ఇది బండంటే!' అని అరిచాడు. తాతయ్య అలా అరవడం నేనెప్పుడూ వినలేదు."

"ఒక్క మాట నాతో..." అంటూ ఆయన మొదలుపెట్టాడు.

"చెప్తే పంపేవారా?" భార్య ఒక్క అడుగు ముందుకేసింది. "ఇంకోటి కూడా వినండి, ఇవాళ అన్నీ వినాల్సిందే. ఇంటికొచ్చాక నాన్న మంచమెక్కలేదు. బకెట్ తెమ్మన్నాడు. 'అల్లుడు చూస్తే బాధపడతాడమ్మా, కష్టపడి దాచుకున్నాడు' అని తనే కడిగాడు. నేను కడుగుతానంటే ఒప్పుకోలేదు. రెండు నిమిషాలు కడగడం, ఐదు నిమిషాలు ఆ మెట్టుమీద కూర్చుని ఆయాసపడడం. అలా మధ్యాహ్నమంతా. పైనంతా తుడిచాడు. కిందికి వంగలేకపోయాడు. వంగితే ఊపిరందేది కాదు. నాకా మట్టి తీయబుద్ధి కాలేదు. అందుకే మిగిలిపోయింది."

ఆయన చేయి ఇంకా ఎర్రగానే ఉంది. దాన్ని చొక్కాకి తుడుచుకోబోయి, ఆగిపోయాడు.

"ఈ బండి వల్ల ఈ ఇంటికి ఒరిగింది ఆ నలభై ఒక్క కిలోమీటర్లే," అంది ఆవిడ. "మిగతాదంతా కడగడమే. నన్నూ అలాగే పెట్టారు. మూడేళ్లు, ఇంకో ఏడాది, ఇంకో ఏడాది. నాకిప్పుడు నలభై ఏడు. సూదిలో దారం ఎక్కించడానికి మీ అమ్మాయిని పిలుస్తున్నాను, చూశారా ఎప్పుడైనా? నా దగ్గర కుట్టించుకున్నవాళ్లు ఇప్పుడు రోడ్డుమీద కనిపిస్తే నన్ను గుర్తుపట్టరు. నేనూ ఆరేళ్లు షెడ్డులో ఉన్నాను. నాకు రేటు కట్టమనండి మీ బ్రోకరుని."

ఇంత మాట భార్య తనని ఎప్పుడూ అనలేదు. అనలేదు కాబట్టి లేదనుకున్నాడు.

నాలుగు కాకముందే కొట్టు యజమాని ఫోన్ చేశాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్లి మాట్లాడింది. తలుపు వెయ్యలేదు. "లేదండీ. కుదరలేదు. వాళ్లకే ఇచ్చేయండి. పర్వాలేదు, మీరేం అనుకోకండి." తర్వాత కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. చాలాసేపు ఆ నీళ్లు ఆగలేదు.

సీలు సారు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "వింటున్నావా... ఇంకొక్క నెల ఆగితే, వేరే బ్రోకరు ఎవరైనా..."

ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని తనకే ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. ఆవిడ వెనక్కి తిరగనైనా లేదు. ఆయన అక్కడే నిలబడి, జేబులోంచి ఫోన్ తీసి, బ్రోకరుకి చేశాడు. "మీరన్న ధరకే. ఇప్పుడే వచ్చి తీసుకెళ్లండి." బేరం ఆడలేదు. పాతికేళ్లలో బేరం ఆడకుండా ఆయన వదిలేసిన మొదటి వస్తువు అదే.

సాయంత్రం బండి వెళ్లిపోయింది. కొత్త బ్యాటరీ పెడితే తప్ప స్టార్టు కాలేదు. సందు మలుపు తిరిగేటప్పుడు కూతురు మాత్రం చూసింది. ఆయన తలవంచుకుని షెడ్డులోనే ఉండిపోయాడు.

ఆ ఖాళీ నేలమీదికి భార్య వచ్చింది. మెడలో కుట్టుపని టేపు వేలాడుతోంది. వీధివైపు ఉన్న షటరు సగం ఎత్తి, వెలుతురు ఎక్కడిదాకా పడుతోందో చూసింది.

"రెండు మిషన్లు పడతాయి," అంది, ఎవరితోనో అన్నట్టు.

"మూడు పడతాయి," అన్నాడు ఆయన ఆత్రంగా. "నేను సామాను సర్దేవాణ్ని కదా, కచ్చితంగా చెప్తున్నాను. గోడవారన రెండు, ఆ మూల ఒకటి. వచ్చిన డబ్బులో మూడు మిషన్లూ వస్తాయి, లైట్లూ వస్తాయి."

"పడతాయి. మూడోదాని మీద కూర్చుని కుట్టేదెవరు? అప్పట్లో నా దగ్గర పనిచేసిన ఆ ఇద్దరూ ఎక్కడున్నారో నాకు తెలియదు. ఒకావిడ చచ్చిపోయిందని కూడా ఎవరో అన్నారు."

అప్పుడు ఆయన నేలమీద చతికిలబడిపోయాడు. మొదట దగ్గనుకున్నారు. కాదు, ఏడుస్తున్నాడు. "మావయ్యగారి చేత కడిగించాను," అన్నాడు. "మంచాన పడ్డ మనిషి చేత... నా బండి కడిగించాను." అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు. కూతురు దగ్గరికి వెళ్లబోతే తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది. ఏడవనిమ్మంది.

ఆయన్ని క్షమించిందా అంటే, ఆ రోజుకి లేదు. చాలా రోజులదాకా కూడా క్షమించలేదేమో. కానీ చీకటి పడేలోపు కొలతలు తీసుకోవాలి, రేపు మిషన్లు చూడాలి. ఉన్న కళ్లతో ఇంకా ఎన్నేళ్లు కుట్టగలదో ఆవిడకి తెలుసు. పారేసుకోడానికి ఇంకొక రోజు కూడా మిగల్లేదు.

మెడలోంచి టేపు తీసి, ఒక కొస ఆయన ముందుకి చాపింది.

"లేవండి. ఇది పట్టుకుని ఆ గోడదాకా వెళ్లండి."

ఆయన కళ్లు తుడుచుకోకుండానే లేచి, టేపు కొస పట్టుకుని గోడవైపు నడిచాడు.