గొలుసు మీదుగా దిగిన కోపం

కాకినాడలో పెంపుడు జంతువుల ట్రిబ్యునల్ పెట్టిన కొత్తల్లో, ఓ సోమవారం ఆ హాలు మధ్యన చాప పరిచి ఒక కుక్కను కూర్చోబెట్టారు. దాని పేరు జీడి. జీడిపప్పు రంగు ఒళ్లు, వాలిన ఒక చెవి. మెడలోని కాలర్ ఆకుపచ్చగా వెలుగుతోంది. పశువుల డాక్టర్ రెహానా దాని ముందు గొడుగు టక్కున తెరిచింది. కాలర్ నారింజ రంగుకు మారింది. కాసేపటికి మళ్లీ ఆకుపచ్చ అయింది.

“ఉలిక్కిపడింది, తేరుకుంది. కోపం మాత్రం రాలేదు. వస్తే ఎర్రగా వెలిగేది,” అని ఆవిడ జడ్జికి చెప్పింది.

తన కుక్క మంచిదని తేలిందని ముందు వరసలో ఉన్న రత్నాంబ సంబరపడింది. ప్లీడరు గున్నేశ్వరరావు మాత్రం నుదురు తుడుచుకున్నాడు. పక్కింటి పేర్రాజు గొడుగు ఝళిపించి రెచ్చగొడితేనే జీడి ఆయన పిక్క పట్టుకుందని ప్లీడరు వాదన. రెచ్చగొట్టినట్టు రుజువైతే యజమానికి పూచీ ఉండదు. ఇప్పుడా వాదన కాస్తా పోయింది. రెచ్చగొట్టకుండా కరిచే కుక్కను ఊరవతలి సంరక్షణ కేంద్రానికి తరలించాలని చట్టం. అక్కడికి వెళ్లిన కుక్క ఇంటికి తిరిగి రాదు.

అప్పుడు రెహానా ఇంకో సంగతి చెప్పింది. కాలర్ కుక్క గుండె వేగాన్నీ, కండరాల బిగువునూ చూస్తుంది. గొలుసు పిడిలో ఇంకో సెన్సర్ ఉంటుంది. అది పట్టుకున్న మనిషి నాడినీ, అరచేతి చెమటనూ చూస్తుంది. ఆ రెండు గీతలనూ పక్కపక్కన పెడితే కోపం ముందు ఎవరిలో పుట్టిందో తెలిసిపోతుంది. కరిచిన రోజు రికార్డు భద్రంగానే ఉంది. అయితే మనిషి గీతను ఆ మనిషి ఒప్పుకుంటేనే బయటపెట్టాలి.

“ఒప్పుకోకండమ్మా,” అన్నాడు గున్నేశ్వరరావు రత్నాంబ చెవిలో. “తప్పంతా మీ నెత్తికొస్తుంది. కుక్క పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు.”

రత్నాంబ జీడి వంక చూసింది. ఆ గీతలో ఏముందో ఆమెకు తెలుసు. పేర్రాజు తన ఇంటి సోలార్ పలకల మీద నీడ పడుతోందని కార్పొరేషన్‌కు చెప్పి, ఆమె పెరట్లోని పనసచెట్టు కొట్టించాడు. చేత్తో నాటి పెంచిన చెట్టు అది. నీడల చట్టం ఆయన పక్షాన ఉంది కాబట్టి ఆమె ఒక్క మాటా అనలేదు. ఆ తర్వాత కూడా ఎదురుపడినప్పుడల్లా నవ్వి, బాగున్నారా అని అడుగుతూనే వచ్చింది. వీధిలో ఆమెకు నెమ్మదస్తురాలని పేరు. ఆ పేరు ఇప్పుడు ఇంతమంది ముందు పోతుంది.

ఆమె లేచి నిలబడింది. “చూపించండి డాక్టరుగారూ. దానికేం తెలుసు, పాపం.”

తెర మీద రెండు గీతలు కదిలాయి. పేర్రాజు వీధి మలుపు తిరగగానే ఆమె గీత నిటారుగా లేచింది. జీడి గీత దాని వెనకాలే లేచింది. అవతలి బెంచీ మీదున్న పేర్రాజు నొచ్చుకున్నాడు.

“ఆ రోజు కూడా నవ్వుతూనే పలకరించారు కదండీ,” అన్నాడు.

“నవ్వకపోతే బాగుండదని నవ్వానండీ.”

కుక్కది తప్పు కాదనీ, దాన్ని తీసుకెళ్లనక్కర్లేదనీ జడ్జి తీర్పు చెప్పింది. పూచీ రత్నాంబదే. వైద్యం ఖర్చు పెట్టుకోవాలి. పైగా పేర్రాజును చూసినప్పుడు కాలర్ ఎర్రబడటం మానేదాకా, రోజూ సాయంత్రం జీడి మూతికి బుట్ట కట్టి ఆయన గుమ్మం దాకా తీసుకెళ్లాలి.

మొదటి సాయంత్రం రత్నాంబ చేతులు జోడించి క్షమాపణ చెప్పింది. కాలర్ ఎర్రగానే ఉంది. మర్నాడు సున్నుండలు పట్టుకెళ్లింది. అప్పుడూ అంతే. మెత్తగా మాట్లాడిన కొద్దీ అది ఇంకా ఎర్రబడుతోందని పేర్రాజే గమనించి, మీ మనసులో ఉన్నదేదో అనేయండి అన్నాడు. అంతే, ఆమె మొదలుపెట్టింది. మూడు కాపులు కాసిన చెట్టనీ, తనతో ఒక్క మాట చెబితే కొమ్మలు కొట్టించేదాన్ననీ, ఆయనది రాతిగుండె అనీ అరిచింది. ఆయనా ఊరుకోలేదు. కార్పొరేషన్‌కు వెళ్లే ముందు రెండుసార్లు వచ్చి తలుపు కొట్టాననీ, ఆమె లోపల ఉండి కూడా తియ్యలేదనీ అరిచాడు. అది నిజమే. వీధి వీధంతా గేట్ల దగ్గరకు వచ్చి చూసింది. ఇద్దరూ అలసిపోయి అరుగు మీద కూలబడేసరికి జీడి కాలర్ ఆకుపచ్చగా ఉంది. పేర్రాజు లోపలికెళ్లి రెండు గ్లాసుల కాఫీ తెచ్చాడు. రత్నాంబకు చాలా రోజుల తర్వాత ఒళ్లు తేలికపడ్డట్టయింది.

ఆ తీర్పు ఊరంతా పాకింది. కరిస్తే తప్పు తమ చేతికే చుట్టుకుంటుందని కుక్కలున్నవాళ్లకు అర్థమైంది. కడుపులో దాచుకుని గొలుసు పట్టుకోవడం మానేశారు. ముందు ఎదుటివాళ్ల ఇంటికెళ్లి నాలుగు మాటలనేసి, తర్వాతే కుక్కను తిప్పడానికి తీసుకెళ్లేవారు. నెమ్మదస్తులన్న పేరున్నవాళ్లంతా గొంతు విప్పారు. ఏడాది తిరిగేసరికి కాకినాడలో పెంపుడు కుక్క కరిచిన కేసే లేదు. రెహానాకు పెద్ద అవార్డు వచ్చింది.

పని లేక ట్రిబ్యునల్ మూసేశారు. మూసిన హాలును ఇరుగుపొరుగు తగాదాల కోర్టుకిచ్చారు. ఇప్పుడక్కడ నిలబడటానికి చోటుండదు. అదే జడ్జి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మనుషుల అరుపులు వింటోంది.

మొన్న రత్నాంబ, పేర్రాజు ఆ కోర్టు ముందు ఒకే ఆటోలో దిగారు. తెల్లారకుండానే ఆయన రేడియో మోగిస్తాడని ఆమె, వినలేకపోతే కిటికీ వేసుకోవచ్చు కదా అని ఆయన. జడ్జి విసిగిపోయి, రాజీ కుదర్చమంటారా అని అడిగింది.

“అక్కర్లేదమ్మా,” అంది రత్నాంబ. “మమ్మల్ని కాసేపు పోట్లాడుకోనివ్వండి, చాలు.”

బెంచీ కింద జీడి ఒళ్లు మరిచి నిద్రపోతోంది.