రాజామణి ఆడిన పిన్‌బాల్ బల్ల

సింగపూర్ తంజోంగ్ పగార్‌లో ఆ పాత షాపుమేడ మెట్లు పొద్దుగూకాక ఎవరూ ఎక్కరు. పైన మూతపడ్డ బార్ ఉంది. అందులో ఒక పాత పిన్‌బాల్ బల్ల — మీటలు నొక్కి స్టీలు గుండుని గంటలకి కొట్టే ఆట; కూర్చుని, గ్లాసు పక్కన పెట్టుకుని ఆడే రకం. గాజు పలక కింద పేకముక్కలు, పాచికలు, జూదపు చక్రం బొమ్మలు.

బార్ ఇంకా నడుస్తుండగానే రాజామణి దాని మీద తల వాల్చి ప్రాణం వదిలాడు. నెల తిరక్కముందే తాళం వేసిన ఆ గదిలో గంటలు మోగడం మొదలైంది. స్టీలు గుండు దొర్లుతున్న చప్పుడు...

రాజామణే వచ్చి ఆడుతున్నాడన్నారు చుట్టుపక్కలవాళ్ళు.

ఆ మాట అతని భార్య సరోజిని చెవిన పడింది. భయం వెయ్యలేదు. ఒళ్ళు మండింది.

పదకొండేళ్ళ కిందట, డ్యూటీలో ఉన్నానన్న మొగుణ్ణి ఆమె ఆ బల్ల దగ్గరే పట్టుకుంది. జూదగాడివంది. అతను అవుననలేదు, కాదనలేదు. ఆనాటి నుంచి ఇంట్లో ఆమెది రోజూ అదే రభస, అతనిది అదే మౌనం. మలేసియా జొహోర్ నుంచి వచ్చిన చుట్టాల ముందు కూడా కడిగిపారేసింది. ఆఖరికి చావడమైనా ఇంట్లో చావలేదు.

ఆ శుక్రవారం ఆఫీసుల్లో తుడుపు పని ముగించుకుని, సుత్తి సంచిలో వేసుకుని మెట్లెక్కింది.

సగం మెట్లలో ఉండగానే — టింగ్.

ఆగింది. మళ్ళీ... టింగ్, టింగ్. గుండు దొర్లి, దేనికో తగిలి, వెనక్కి వచ్చింది.

తలుపు తోసింది. తాళం లేదు. లోపల చీకటి — బల్ల ఒక్కటే ఎర్రగా వెలుగుతోంది. దాని ముందు, ఆమెకు వీపు పెట్టి, ఎవరో కూర్చున్నారు. ఒంటిమీద రాజామణి నీలం గళ్ళ చొక్కా.

భయం కంటే కోపమే ముందు నోరు తెరిచింది.

"బతికుండగా ఇంటిపట్టున ఉండలేదు. చచ్చాక కూడా ఇక్కడేనా?"

సుత్తి ఎత్తింది. ఆ మనిషి తిరిగింది —

నందిత. కూతురు. చాంగీ ఆఫీసులో ఆలస్యమవుతోందని రోజూ మెసేజ్ పెట్టే కూతురు.

బార్ ఓనరు పార్థసారథి అంకుల్‌ని తాళంచెవి అడిగి తీసుకుందట. నాన్న పోయినప్పటి నుంచీ ఏడుపు రావడం లేదట. ఇక్కడ కూర్చుంటే వస్తోందట.

"ఈ జూదం బల్ల దగ్గరా?"

"జూదం కాదు మా. బొమ్మలే. పందెం లేదు, డబ్బొచ్చేది లేదు. పాయింట్లు, అంతే." నందిత గొంతు తగ్గించింది. "స్కూల్లో ఉన్నప్పుడు నన్నూ తెచ్చి ఆడించాడు. అమ్మకి చెప్పొద్దన్నాడు."

పనయ్యాక గంటసేపు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోవాలనిపించేదట ఆయనకి.

సరోజిని ఎత్తిన సుత్తి దించింది. పదకొండేళ్ళ అరుపులు... ఒక్క మాట చెబితే పోయేదానికి, తనని ఊరందరి ముందూ గయ్యాళిని చేసి, ఆయన నోరు మూసుకుని కూర్చున్నాడు.

"చెప్పుంటే నేనూ వచ్చేదాన్ని కదే..."

నందిత లేచి పక్కకి జరిగింది.

"కొట్టు మా. నా చేత దాయించాడు. నాకూ కోపమే."

మొదటి దెబ్బకి గాజు పగిలింది. దీపాలు ఆరిపోయాయి. గుండు ఎక్కడో దొర్లి, ఆగింది. చీకట్లో నందిత తడుముకుంటూ వచ్చి, తల్లి చేతిలోంచి సుత్తి తీసుకుంది.

రెండో దెబ్బ కూతురిది.