సాన తాత కార్డు

టకటకటకటక!

లెస్యా సైకిల్ ఇవాళ మోటార్ సైకిలైపోయింది. మంచు కరిగి రోడ్లు బయటపడగానే ఆ ఊరి పిల్లలందరూ చేసే పనే ఇది. ఆటగాడి బొమ్మా, లెక్కలూ అచ్చేసిన పాత మంచు హాకీ కార్డొకటి బట్టల క్లిప్పుతో వెనక చక్రం పక్క కడ్డీకి బిగిస్తే చాలు, స్పోకులు తగిలి ఒకటే మోత.

"ఎవరి కార్డే అది?" పక్కన తొక్కుతున్న కోల్టన్ అరిచాడు.

"ఎవరో నెస్టర్ వకరుక్! నాన్న బల్ల మీద దొరికింది. పెద్ద లీగులో తొమ్మిది మ్యాచ్‌లు, సున్నా గోల్స్!"

"గోల్ రానివాడు గోలకైనా పనికొచ్చాడు!"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

సాయంత్రం ఇంటికొస్తే, నాన్న బల్ల కింద దూరి వెతుకుతున్నాడు.

"లెస్యా, ఇక్కడ కార్డు చూశావా? రెండేళ్ళు వెతికితే పొద్దున పోస్టులో వచ్చింది. ఇవాళ సాన తాతకి ఎనభై నిండాయి. వాళ్ళిల్లు కాలినప్పుడు ఆయన కార్డు ఆయనకే లేకుండా పోయింది."

మంచు మైదానం దగ్గర అందరి స్కేట్ల బ్లేడ్లకీ సాన పట్టే సాన తాతేనా ఆ నెస్టర్?

లెస్యా పరుగున వెళ్ళి క్లిప్పు ఊడదీసింది. మూలలు నలిగాయి. మధ్యలో రెండు మడతలు.

"ఇదుగో నాన్నా, సోఫా వెనక పడింది."

"అయ్యో, నలిగిందే! పొద్దున హడావిడిలో చూసుకోలేదు. అరవై ఏళ్ళ నాటిది మరి."

నాన్న నమ్మేశాడు. లెస్యా ఊపిరి పీల్చుకుంది.

ఆ రాత్రి చర్చి హాల్లో తాత పుట్టినరోజు విందు. సాన తాత కార్డుని రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఒక్క గోలైనా కొట్టాల్సింది తాతా!" ఎవరో ఆటపట్టించారు.

"డిఫెన్స్‌లో నా పని కొట్టడం కాదురా, ఆపడం. పక్ బిళ్ళ నా పక్కనుంచి పోతే ఒట్టు! తొమ్మిదో మ్యాచ్‌లో ఒక షాట్‌కి అడ్డంగా పడ్డా. మోకాలు పోయింది, ఆటా పోయింది. గోల్ మాత్రం పడలేదు. ఆపినవి కార్డు మీద అచ్చెయ్యరుగా!"

మడతల్ని వేలితో నిమిరాడు. కళ్ళు తడయ్యాయి.

"చూశారా? ఎవరో పిల్లాడు నన్ను జేబులో పెట్టుకు తిరిగాడు. సున్నా గోల్స్ వాణ్ణి!"

లెస్యా పళ్ళెం పక్కకి నెట్టింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు. తాత కూడా సంతోషంగానే ఉంటాడు. కానీ ఆ సంతోషం ఏ పిల్లాడి గురించి? ఆ పిల్లాడే లేడు.

లేచి నిలబడింది.

"తాతా... జేబులో కాదు. నా సైకిల్ చక్రంలో. సున్నా చూసి పనికిరాని కార్డనుకున్నా. నాన్నకీ అబద్ధం చెప్పా."

నాన్న చేతిలో ఫోర్కు ఆగిపోయింది. తాత కార్డుని బల్ల మీద పెట్టాడు.

"జేబులో కాదన్నమాట."

"కాదు తాతా."

"పోనీ, గట్టిగా మోగిందా?"

"ఊరంతా."

"తొమ్మిది మ్యాచ్‌ల్లోనూ నాకంత మోత మోగలేదే!"

అందరూ నవ్వారు. లెస్యా నవ్వలేదు. కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్ళి ఆయన పక్కన వేసుకుంది.

"ఆ షాట్ ఎటునుంచి వచ్చింది తాతా? నువ్వెక్కడ పడ్డావు?"

తాత మీగడ గిన్నెని ముందుకు లాగాడు.

"ఇది గోల్. ఆ ఉప్పు సీసా కొట్టేవాడు. నేనేమో..."

తన చెంచా తీసి, గిన్నెకి అడ్డంగా పడుకోబెట్టాడు.