బొమ్మ నేర్చుకున్న దెబ్బలు

చెప్పుల దుకాణం కింద, నేలమాళిగలో ఉండేది ఆ గేమ్స్ సెంటర్. మెట్లు దిగుతుంటే పైనుంచి కొత్త రబ్బరు వాసన, కిందనుంచి వేడెక్కిన వైర్ల వాసన కలిసి ముక్కుకు తగిలేవి. కిటికీ ఒక్కటీ లేదు. మిట్టమధ్యాహ్నమైనా లైటు తీసేస్తే చీకటే. సాయంత్రమయ్యేసరికి చిన్నా పెద్దా చేరి ఫైటింగ్ గేములు ఆడుతూ ఒకటే గోల. అందరిలోకీ బాగా ఆడేది పిడుగు.

ఆ పేరు ఆటను చూసి పెట్టింది కాదు, కోపాన్ని చూసి పెట్టింది. పగలంతా దర్జీ షాపులో కాజాలు కుడుతూ నోట్లో నాలుక లేనట్టుండే ఆ అమ్మాయి, ఓడిపోయిందంటే మాత్రం మనిషి కాదు. కుర్చీలు తన్నేది. గెలిచినవాళ్ళది గుడ్డి అదృష్టమనేది. పోయిన నెల ఇంట్లో ఆడి ఓడిపోయి, ఇనప అడుగున్న కంట్రోలర్‌ని ఎత్తి విసిరేసింది. అప్పుడే మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని గదిలోకి వస్తున్న అక్క కనుబొమ్మ చీలిపోయింది. నీళ్ళలో నెత్తురు కలిసి గచ్చంతా పారింది.

అమ్మానాన్నలు పోయాక ఆ అక్కే తల్లీ తండ్రీ అయి పెంచింది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. కుట్లు వేయించుకుని వచ్చి, "ఇంకొక్కసారి నీ చెయ్యి లేచిందంటే నీ దారి నీది, నా దారి నాది," అంది. అన్నదంటే చేసే మనిషి. పిడుగుకి ఆ రాత్రి కన్ను మూతపడలేదు.

మర్నాడు వెళ్ళి సెంటర్ నడిపే మాస్టారి ముందు తలొంచుకుని నిలబడింది. ఆయన ఒకప్పుడు పెద్ద ఆటగాడే. ఓటమిని ఎలా మింగాలో ఓపిగ్గా చెప్పారు. ఓడిపోగానే లేచి నిలబడాలి. ఒక గుక్క నీళ్ళు తాగాలి. అవతలివాళ్ళు బాగా చేసింది ఒక్కటైనా వాళ్ళ మొహం మీదే చెప్పాలి. ఇంకొకటి కూడా చెప్పారు, బొమ్మ సంగతి.

సాధన చేసుకోవడానికి గేములోనే ఒక బొమ్మ ఉంటుంది. బూడిదరంగు ఒళ్ళు, మొహం ఉండాల్సినచోట నున్నటి చదును. ఎంత కొట్టినా చావదు, దాని ప్రాణం ఎంతుందో చూపే గీత మళ్ళీ నిండిపోతుంది. మన దెబ్బల్నే దానికి నేర్పించి మన మీదికి వదలొచ్చు కూడా, కాచుకోవడం అలవాటు కావడానికి.

"కోపంలో బొమ్మ జోలికి పోకమ్మాయ్," అన్నారు మాస్టారు. "అప్పుడు నువ్వేమీ నేర్చుకోవు. అదే నేర్చుకుంటుంది." పక్కనున్నవాళ్ళు నవ్వితే పిడుగు కూడా నవ్వేసింది.

ఊళ్ళో జరిగే గేముల పోటీకి ముందురోజు, సెలవు కావడంతో పొద్దున్నే సెంటర్‌కి వెళ్ళి, అక్కడికి ఆడటానికొచ్చే లెక్కల టీచరమ్మ చేతిలో ఓడిపోయింది పిడుగు. కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని, నింపాదిగా, పేపర్లు దిద్దినట్టు ఓడించింది ఆవిడ. పిడుగు లేచి నిలబడింది, నీళ్ళూ తాగింది. ఆవిడని మెచ్చుకునే ఆ ఒక్క మాట మాత్రం అనలేదు. మింగిన కోపం మధ్యాహ్నమైనా దిగలేదు.

మధ్యాహ్నం వాన పట్టుకుంది. మాస్టారు సెంటర్ మూసేసి, పోటీ జరిగే హాలు సర్దడానికి వెళ్ళారు. ఆయన నమ్మి ఇచ్చిన తాళంచెవి పిడుగు దగ్గరుంది. గొడుగు తీసుకుని నేనే వస్తాలే అని అక్క ఫోన్ చేసింది. ఆలోపు కాసేపు ఆడుకుందామని మెట్లు దిగి, ఒక్క టీవీ వేసుకుని, బొమ్మను ఎదురుగా నిలబెట్టింది.

మొదట మెల్లగానే కొట్టింది. చెంప, చెంప, కడుపు, మోకాలు. టక్ టక్... టక్... టక్కు. తర్వాత టీచరమ్మ కళ్ళజోడు గుర్తొచ్చింది. వేళ్ళు మండిపోయేదాకా కొట్టింది. బొమ్మ పడేది, లేచేది, గీత నిండేది. మళ్ళీ చెంప, చెంప, కడుపు, మోకాలు. పైన వాన చప్పుడు, ఇక్కడ మీటల చప్పుడు.

కాసేపటికి ఇంకో చప్పుడు వినిపించింది. తడిగా... మాంసం మీద పడ్డట్టు... టీవీలోంచి కాదు.

కరెంటు పోయింది. టీవీ పోలేదు.

బొమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. ఎవరో నేర్పించి వదిలేసి ఉంటారనుకుంది పిడుగు. అది చెయ్యెత్తి కొట్టింది. పిడుగు చెంప పగిలింది. తన చెంపే. నోట్లో ఉప్పగా నెత్తురు. రెండో దెబ్బకి ఒక పన్ను ఊడి నాలుక మీద పడింది. కడుపులో గుద్దుకి ఊపిరి ఆడలేదు. మోకాలు లోపల ఏదో పుటుక్కుమంది.

పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా చెయ్యి ఊరుకోదే. కంట్రోలర్ గట్టిగా పట్టుకుని ఎదురు కొట్టింది. బొమ్మ పడింది, లేచింది, గీత నిండింది... ఈసారి ఇంకా గట్టిగా కొట్టింది. పిడుగు కనురెప్ప చిట్లి ఒక కన్ను మూసుకుపోయింది. తను ఎంత కొడితే అంత. ఒక్కటి ఎక్కువ కాదు, ఒక్కటి తక్కువ కాదు.

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడు.

"బుజ్జీ... కిందే ఉన్నావా?"

అక్క.

బొమ్మ ఆగింది. ఆ చదును మొహం మెల్లగా మెట్లవైపు తిరిగింది. కుడిచెయ్యి భుజం దాకా లేచింది. గేములో ఎవరికీ లేని భంగిమ అది. ఏదో విసరబోతున్నట్టు... పిడుగు గుర్తుపట్టింది. ఇంట్లో కంట్రోలర్ విసిరినప్పుడు తను ఎత్తిన చెయ్యే.

ఒళ్ళంతా కొట్టెయ్, కొట్టెయ్ అంటోంది. వేళ్ళు మీటల మీదే ఉన్నాయి. ఇప్పుడు కొడితే అది విసురుతుంది. ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

కంట్రోలర్‌ని నేలమీద పెట్టింది. దెబ్బతిన్న మోకాలితోనే లేచి నిలబడింది. సీసాలో నీళ్ళు ఒక గుక్క తాగితే, నెత్తురూ పన్నూ కలిసి దిగాయి.

"నేనే ఓడిపోయాను," అంది బొమ్మతో. "ఎన్నేళ్ళు కొట్టినా... ఒక్క మాట అనలేదు నువ్వు. అది నా వల్ల కాదు."

ఎత్తిన చెయ్యి చాలాసేపు అలాగే ఉంది. తర్వాత దిగింది. టీవీ ఆరిపోయింది.

మెట్లమీద పడిపోయావా ఏంటే అని అక్క లబలబలాడింది. పిడుగు అవునంది. ఆస్పత్రిలో కట్లు కట్టించుకుని, వద్దంటున్నా వినకుండా మర్నాడు కుంటుకుంటూ పోటీకి వెళ్ళింది. మళ్ళీ టీచరమ్మ చేతిలోనే ఓడిపోయింది. లేచింది, నీళ్ళు తాగింది. "మీరు అసలు తొందరపడరండీ. అదెలాగో నాకు నేర్పండి," అంది. ఆవిడ మురిసిపోయి భుజం తట్టింది. దూరంగా నిలబడ్డ అక్క కళ్ళు తుడుచుకోవడం చూసి పిడుగుకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఇంతకన్నా గెలుపేముంటుందనిపించింది.

ఇంటికొచ్చి దీపాలు పెట్టే వేళకి అక్క మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని, కుర్చీలోనే కునుకు తీసింది. పిడుగు ఎదురుగా కూర్చుని, ఆ కనుబొమ్మ మీది మచ్చనే చూస్తోంది. ఇక ఈ ఇంట్లో ఎవరి మీదా చెయ్యి లేవదని మనసులో ఒట్టు పెట్టుకుంది.

టక్ టక్... టక్... టక్కు.

అక్క ఎడమచేతి వేళ్ళు కుర్చీ చెక్క మీద ఆడుతున్నాయి. జన్మలో కంట్రోలర్ ముట్టుకోని మనిషి.

చెంప, చెంప, కడుపు, మోకాలు.

"అక్కా..." అంది పిడుగు గుసగుసగా. పిడుగు మెల్లగా లేచి నిలబడింది. నీళ్ళ కోసం చుట్టూ చూసింది.

నీళ్ళు అక్క చేతిలోనే ఉన్నాయి. గ్లాసు పట్టుకున్న ఆ కుడిచెయ్యి, బొమ్మ చెయ్యిలాగే భుజం దాకా లేచి, అక్కడ ఆగింది. అక్క కళ్ళు ఇంకా మూసే ఉన్నాయి.