తూర్పుకు తెరిచిన రేకులు

"మా మడిని కృష్ణల కలిపింది మీరేనా, మేడం?"

జితేందర్ ప్రవళికతో అన్న మొదటి మాట అది. గద్వాల ఆఫీసు మెట్ల మీద, జూలై వానలో, గొడుగైనా లేకుండా నిలబడి అడిగాడు.

తప్పు ఆమెదే. రాడార్ ఉపగ్రహం పంపిన చిత్రాలు చూసి వరద మ్యాపులు గీయడం ఆమె ఉద్యోగం. మబ్బులున్నా ఆ ఉపగ్రహానికి నేల కనబడుతుంది. కదలని నీళ్లు మాత్రం ఎక్కడున్నా నల్లగానే కనిపిస్తాయి. నాట్ల కోసం నీళ్లు కట్టిన అతని మడిని ఆమె నది అనుకుంది.

సరిచూడటానికి నది మధ్య ఉన్న వాళ్ల గడ్డకు పుట్టిలో, ఆ గుండ్రటి బుట్ట పడవలో, వెళ్లింది. పుట్టి గిరగిరా తిరుగుతుంటే కళ్లు మూసుకుని అతని చొక్కా పట్టుకుంది.

"ఒడ్డొచ్చింది. జర చొక్కా వదులుండ్రి, మేడం," అన్నాడు జితేందర్. ఆ మాట చెప్పి నెలరోజులు ఏడిపించాడు. ఆ నెలలోనే మీరు పోయి నువ్వు వచ్చింది.

ఆగస్టులో పెళ్లి మాట అడిగాడు. ఆమెకు బిజినేపల్లిలో ఉన్న నాన్న ఏమంటాడో అన్న భయం ఒకటి, సిగ్గు ఒకటి. ప్రవళిక నవ్వేసింది. "మా ఉపగ్రహానికి కనపడు, అప్పుడు చెప్త."

ఎట్లా కనపడాలో కాగితం మీద బొమ్మ కూడా గీసింది. మూడు రేకులను గది మూలలా కలిపి, నోరు తూర్పుకు పెట్టాలి. పన్నెండు రోజులకోసారి, పొద్దున ఆరింటికి ఉపగ్రహం పైనుంచి పోతుంది. రేకులు దాని తరంగాలను తిరిగి దానికే పంపుతాయి, అప్పుడు చిత్రంలో తెల్ల చుక్క పడుతుంది. అతను ఆ తేదీలను పశువుల కొట్టం గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడు. వానలు తగ్గాక కొట్టం రేకులు విప్పుతానన్నాడు.

వానలు తగ్గలేదు. మూడు వారాలకు వరద వచ్చింది.

గడ్డ మీది జనాన్నంతా పడవల్లో దాటించారు. ఆఖరి పడవలో తల్లి జములమ్మను ఎక్కించి, బర్రెలను విప్పి వస్తానని జితేందర్ ఉండిపోయాడు. తర్వాత ఏ పడవా ఆ ప్రవాహాన్ని దాటలేకపోయింది. నిన్న మధ్యాహ్నం నుంచి అతని ఫోన్ మోగడం లేదు.

జములమ్మ ఆఫీసు వరండాలో కూర్చుంది. ఎవరు బతిమాలినా అన్నం ముట్టలేదు.

ఆ పొద్దున ఆరింటి చిత్రం పదకొండుకు వచ్చింది. తెర మీద పైనుంచి మెల్లగా తెరుచుకుంది. నలుపు. అతని మడి నలుపు. కొట్టం ఉన్న చోటూ నలుపే. రెండేళ్లుగా రోజూ చూసే రంగులో ప్రవళిక అంగుళం అంగుళం వెతికింది.

గడ్డ మీద ఎత్తుగా ఉండే మిట్ట దగ్గర గోరంత పొడి నేల బూడిద రంగులో మిగిలింది. దాని అంచున ఒక తెల్ల చుక్క.

పన్నెండు రోజుల కిందటి చిత్రం తీసింది. అందులో చుక్క లేదు. వెంటనే ఆ చోటు వివరాలను సహాయక బృందానికి పంపింది. నది ఉధృతి కాస్త తగ్గిందని, బయల్దేరుతున్నామని వాళ్లన్నారు. ఫోన్ పెట్టేసరికి ఇంకో భయం పట్టుకుంది. నిలబెట్టిన మనిషి కొట్టుకుపోయినా రేకులు నిలబడే ఉంటాయి. వరదకు ముందే నిలబెట్టి ఉంటే?

వరండాలోకి పరుగెత్తింది. "అమ్మా, కొట్టం రేకులు ఎప్పుడు తీసిండు?"

"తీసుడేంది, బిడ్డా? నేను పడవెక్కేటప్పుడు గూడ కొట్టం మీదనే ఉండె."

అంటే ఆఖరి పడవ పోయాకే అతను వాటిని విప్పి నిలబెట్టాడు. ప్రవళిక జములమ్మ పక్కనే కూర్చుని, చుక్క సంగతి చెప్పింది. తర్వాత ఇద్దరూ రేవుకు వెళ్లారు. మూడు గంటలు ఒకరి చేయి ఒకరు వదల్లేదు. ఇంజను చప్పుడు వినబడ్డప్పుడల్లా లేచారు. రెండు పడవలు వేరేవాళ్లతో వచ్చాయి.

మూడోదాంట్లోంచి జితేందర్ దిగాడు. రేకులు కోసుకుపోయిన అరచేతులకు తువ్వాల ముక్కలు చుట్టి ఉన్నాయి. బర్రెలు మిట్ట మీద క్షేమమని తల్లికి చెప్పి, ప్రవళిక వైపు తిరిగాడు.

"చుక్క పడ్డదా?"

"పడ్డది."

"మరి జవాబు?"

తిట్టాలనుకుంది. కానీ తడిసిన అతని చొక్కాను గుప్పిట్లో పట్టుకుంది.

"ఒడ్డొచ్చింది, మేడం," అన్నాడు మెల్లగా.

జములమ్మ ఇద్దరినీ చూసి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నువ్వూకోరా. పట్టుకోనీ."