ముందు సీటు జరిగిన సాయంత్రం

ముందే చెబుతున్నాను, ఇందులో ఏది ముందు జరిగిందో ఏది వెనక జరిగిందో నేను తారుమారు చేస్తానేమో. ఈ మధ్య పొయ్యి కట్టేశానా లేదా అని మూడుసార్లు లేచి చూసుకుంటున్నాను. కానీ ఆ సాయంత్రం మాత్రం బాగా గుర్తుంది. అదొక్కటీ మర్చిపోతే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

మా ఆయనకి వారానికి మూడు రోజులు డయాలసిస్. మంగళ, గురు, శని. మధ్యాహ్నం సూది గుచ్చితే నాలుగు దాటాక వదులుతారు. బయటికొచ్చేసరికి పిండి ఆరేసిన బట్టలా ఉంటారు. మా చిన్న కారు గతుకులో పడ్డప్పుడల్లా ఆయన పళ్లు బిగబట్టడం చూడలేక, మెత్తగా పోయే బండి కొందామన్నాను. కొత్తవి మాకు అందేవి కావు. ముప్పై ఏళ్ల కిందట పెద్ద పెద్ద కంపెనీల యజమానులు తిరిగిన రకం బండి ఒకటి అమ్మకానికి ఉందని మీసాల బ్రోకరు కబురు పెట్టాడు.

"పెద్దమ్మా, ఆదివారం షోకుగా తిప్పుకునే బండి అది. దాంట్లో రోజూ ఆస్పత్రికా? ఏనుగుని కొనడం తేలికే, మేపడమే కష్టం," అన్నాడు మా చెల్లెలి కొడుకు.

"మేపుతాంలేరా. రేపు నీ పెళ్లికి ఊరేగింపుకైనా పనికొస్తుంది," అన్నారు మా ఆయన, పగలబడి నవ్వుతూ. ఆయన అలా నవ్వి ఏడాదైంది. అందుకే కొన్నాను.

ముదురు నీలం రంగు బండి. తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసినట్టు ఒకటే చప్పుడు, ఆ తర్వాత వీధి వినపడేది కాదు. లోపల పాత తోలు వాసన, పొగాకు వాసన, అడుగున ఇంకేదో తియ్యటి వాసన.

"ఒక్కరే వాడారమ్మా. పెద్దాయన వెనకాల ఎడమ పక్కన, ముందు డ్రైవరు. అంతే. ఈ ముందు ఎడమ సీట్లో ఇంతవరకూ మనిషి కూర్చోలేదు, చూడండి ఎలా ఉందో," అన్నాడు బ్రోకరు.

నిజమే. ఆ సీటు ముడత పడలేదు. దాని వెనక, కింద పరిచిన తివాచీ మాత్రం రెండు మడమల ఆకారంలో అరిగిపోయి ఉంది. వెనక తలుపుకి ఒక స్విచ్చి. అది నొక్కితే ముందు సీటు దానంతట అది ముందుకి జరుగుతుంది, వెనక కూర్చున్న దొరగారు కాళ్లు బారజాపుకోవచ్చు. మా ఆయన చిన్నపిల్లాడిలా పదిసార్లు నొక్కి చూశారు.

"ఆ సుఖమేదో మీరే అనుభవించండి. వెనక కూర్చోండి," అన్నాను.

"పెళ్లాం బండి నడుపుతుంటే నేను వెనక కాలు మీద కాలేసుకు కూర్చోనా? చూసినవాళ్లు నిన్ను డ్రైవరనుకుంటారే పిచ్చిదానా," అని ముందు, నా పక్కన కూర్చున్నారు.

మేం చేసిన తప్పు అదే.

నెలరోజులు హాయిగా గడిచాయి. తర్వాత పొద్దున్నే తలుపు తీస్తే ఆ సీటు నాలుగు వేళ్లంత ముందుకి జరిగి ఉండటం మొదలైంది. "నువ్వే జరిపి మర్చిపోయుంటావు పెద్దమ్మా," అన్నాడు మావాడు. అయ్యుండొచ్చనే అనుకున్నాను. సీటు కింది పట్టాల మీద సుద్దతో గీత గీశాను. మర్నాడు సీటు గీత దాటి ఉంది. కానీ గీత ముందురోజు గీశానా, ఆ పొద్దున్నే గీశానా అని మావాడు అడిగితే నాకే అనుమానమొచ్చింది. చివరికి కార్ల ఎలక్ట్రీషియన్ వచ్చి ఆ స్విచ్చి ఊడబెరికి, తీగలు కత్తిరించి, నా చేతిలో పెట్టాడు.

"ఇక దెయ్యం వచ్చినా జరపలేదు అమ్మగారూ," అని నవ్వాడు కూడా.

ఆ గురువారం సాయంత్రం వాన. అయిదింటికే చీకటి కమ్మింది. పెద్ద రోడ్డు మీద నీళ్లు నిలిచాయని గోడౌన్ల వెనక దారి పట్టాను. రెండు పక్కలా మూసిన ఇనుప షట్టర్లు. మనిషి లేడు. వైపర్ల చప్పుడు, వాన చప్పుడు. మా ఆయన మొహం తుడుచుకోవడానికి ఎదురుగా ఉన్న చిన్న అద్దం కిందికి దించుకున్నారు.

అప్పుడు వినపడింది. సన్నగా... గుర్ర్‌మని.

"స్విచ్చి ఏదైనా నొక్కారా?"

"నేనేం ముట్టుకోలేదే..."

సీటు జరుగుతోంది. నిదానంగా, తొందరేం లేనట్టు. ఆయన మోకాళ్లు ముందున్న చెక్కకి తగిలాయి. ఆగలేదు. బెల్టు బిగుసుకుంది. సూది గుచ్చిన చెయ్యి ఒంటికీ తలుపుకీ మధ్య నలిగింది. కట్టు మీద ఎర్రటి చుక్క... అది రూపాయంత అయింది. ఆ చేతి నరం తెగితే నిమిషాల మీద ప్రాణం పోతుందని నర్సు ఎన్నిసార్లు చెప్పిందో.

బండి పక్కకి తీసి ఆపాను. సీటు పక్కనున్న మీట వెనక్కి నొక్కాను. కదల్లేదు. తాళం తీసేశాను. దీపాలు ఆరిపోయాయి. వైపర్లు సగంలో నిలిచిపోయాయి. గుర్ర్‌మనే చప్పుడు మాత్రం ఆగలేదు. ఆ తియ్యటి వాసన గుప్పుమంది. నా మెడ వెనక ఎవరో విసుగ్గా ఊపిరి వదిలినట్టు...

తల తిప్పబోయాను.

"తిరక్కు," అన్నారు మా ఆయన. కళ్లు ఆ చిన్న అద్దంలోనే ఉన్నాయి. "వెనక్కి చూడకు... బండి ఆపావుగా... కాచుక్కూర్చున్నాడు..."

"ఎవరండీ?"

"తలుపు... వెళ్లి తలుపు తియ్యి."

ఆయన పక్కటెముకలు కిర్రుమనడం విన్నాను.

వానలోకి దిగాను. బండి చుట్టూ తిరిగి వెనక ఎడమ తలుపు తీసి, కొలువులో ఉన్న డ్రైవర్లు నిలబడ్డట్టే తల వంచి పట్టుకు నిలబడ్డాను. లోపలికి చూడలేదు. నోటికి ఎలా వచ్చిందో తెలీదు... "దిగండి సార్," అన్నాను.

బండి ఎడమ పక్కకి ఒరిగింది. తర్వాత, బరువైన మనిషి దిగాక లేచినట్టు, మెల్లగా పైకి లేచింది.

చప్పుడు ఆగిపోయింది.

నేను నేలనే చూస్తున్నాను. నా ఎదురుగా మనిషి పట్టేంత మేర చినుకు కింద పడటం లేదు. ఆ పొడి జాగా నన్ను దాటి కదిలింది. మేం వచ్చిన దారినే, ఆస్పత్రి వైపు పోయింది.

సీటు దానంతట అదే వెనక్కి వచ్చింది. మా ఆయన బతికారు.

తెల్లారేసరికి బండిని బ్రోకరుకి అప్పగించేశాం. ఇప్పుడు అద్దె కారులో వెళ్తున్నాం. అద్దంలో ఏం చూశారని అడిగితే మా ఆయన మాట మార్చేస్తారు.

ఇంతటితో ఆపేద్దామనుకున్నాను. కానీ మొన్న శనివారం నర్సు విసుక్కుంది. "అమ్మా, పెద్దాయనకి తోడు మీరొక్కరే చాలు. ఆ రెండో ఆయన కూడా మంచం పక్కన కాళ్లు చాపుకుని కూర్చుంటే మాకు తిరగడానికి చోటుండట్లేదు."

రెండో ఆయన ఎవరన్నాను. రోగితో వచ్చినవాళ్లు పేరు రాసే పుస్తకం తెచ్చి చూపించింది. ఆ గురువారం తర్వాత ప్రతిసారీ రెండు పేర్లు. మొదటిది నాది. రెండోది నేనెరగను. రెండూ నా చేతిరాతే.

మొన్నటి శనివారం వరసలో మాత్రం ఒక్క పేరే ఉంది. అది నాది కాదు.

ఇక ఈ మాట మా చెల్లెలి కొడుక్కే: నాయనా, రాసి మర్చిపోయానంటావేమో. అనుకో, ఏమీ అనుకోను. నీ పెదనాన్నకి మళ్లీ మంగళవారం ఉంది. ఈలోగా నువ్వొకసారి వెళ్లి, ఆ పుస్తకంలో పేర్లు సరిచూసి రా.