గొంతుల గది

ఆ ఆసుపత్రిలో శవాల గదికి పాట పాడుకుంటూ వెళ్ళొచ్చే ఆయా కూడా, గొంతుల గది దగ్గరికొచ్చేసరికి పాట ఆపేసి గబగబా నడిచేదట. శవాలు నోరు మెదపవు కదా... ఆ గది మాట్లాడుతుంది.

జబ్బు ముదిరి గొంతు తీసెయ్యాల్సిన వాళ్ళని ఆపరేషన్‌కి ముందు అక్కడ కూర్చోబెట్టి, వాళ్ళచేత మాటలు చెప్పించి కంప్యూటర్లో దాస్తారు. తర్వాత వాటిని వేలిగోరంత కార్డులోకి ఎక్కిస్తారు. ఆ కార్డుని మెడలో వేసుకునే చిన్న పెట్టెలో పెడితే, ఏ మాటకి ఆ మీట నొక్కితే అది ఆ మనిషి పాత గొంతుతో పలుకుతుంది. కార్డు మీద రాసేది ఒక్కసారే. ముగించాక ఒక్క మాట చేర్చలేం, ఒక్క మాట చెరపలేం. ఆ మనిషి అనని మాట రేపెవరూ ఆ నోట పెట్టకూడదని అలాంటివే తెప్పిస్తారు. మనిషికి ఒక్కటే ఇస్తారు.

మరి అంతమంది గొంతులు అక్కడ వదిలేసి వెళ్ళాక అవి ఊరుకుంటాయా? చీకటి పడ్డాక, తాళం వేసిన గదిలోంచి దగ్గు వినిపిస్తుందని చెప్పుకునేవారు. ఎవరో ఎవర్నో పిలుస్తున్నట్టు ఉంటుందట...

కార్డులు రాసేవాడు మాత్రం నవ్వేసేవాడు. "మా ఆవిడ గొంతు ముందు ఏ దెయ్యం నిలబడుతుందండీ" అనేవాడు. అనేవాడే గానీ, పొద్దు వాలకముందే తాళం వేసుకుని ఇంటిదారి పట్టేవాడు. మాటలు కోటలు దాటేవి, కాళ్ళు గడప దాటేవి కావు.

అలాంటివాడికి, ఆ గొంతే పోయే రోజు వచ్చింది. తెల్లారగానే ఆవిడకి ఆపరేషన్.

మధ్యాహ్నం భార్యని లోపలి గాజు గదిలో మైకు ముందు కూర్చోబెట్టి, ఆసుపత్రివాళ్ళిచ్చిన కాగితం చదివించాడు. "దయచేసి డాక్టరుగారిని పిలవండి." "నాకు నొప్పిగా ఉంది." ఒక్క అక్షరం జీరపోయినా మళ్ళీ చెప్పించాడు. జీవితాంతం వినాల్సిన గొంతు, అందులో మచ్చ ఉండకూడదని ఆయన తాపత్రయం.

"నేనెప్పుడైనా ఇలా మాట్లాడానా?" అందావిడ. "నా మాటలు కూడా ఓ నాలుగు పెట్టు మహానుభావా."

"కాగితంలో ఉన్నవే పెట్టాలి. ఊరికే గొంతు అరగదీసుకోకు, వెళ్ళి పడుకో."

ఎదురు చెప్పకుండా ఆవిడ వార్డులోకి వెళ్ళిపోయింది. అదే విడ్డూరం.

మాటల మధ్య దగ్గులూ నిట్టూర్పులూ ఏరి పారేస్తూ కూర్చున్నాడు. కార్డు పెట్టి రాయడం మొదలుపెట్టేసరికి బయట బాగా చీకటి పడింది. గాజు గదికి తెర వేసి ఉంది. కంప్యూటర్లో ఆకుపచ్చ గీత నెమ్మదిగా నిండుతోంది...

స్పీకర్లో ఊపిరి వినబడింది.

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. రాస్తున్నప్పుడు శబ్దం రాదు — రాకూడదు. ఆ స్పీకర్లోకి ఏదైనా వస్తే గాజు గది మైకులోంచే రావాలి. ఆ గదిలో ఎవరూ లేరు.

మళ్ళీ వచ్చింది. బరువుగా, గరగరమంటూ...

"వింటున్నావా..."

ఆ గుసగుసకి ఆడా మగా లేదు, వయసూ లేదు. ఇన్నేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చుని లేచి వెళ్ళినవాళ్ళ మొహాలన్నీ కళ్ళముందు తిరిగాయి. మళ్ళీ ఇల్లు చేరనివాళ్ళూ వాళ్ళలో ఉన్నారు.

"ఇవి కూడా... తీసుకో..."

తెర వెనక ఏదో కదిలింది.

గీత నిండిపోయింది. ముగించాలా, ఇంకేమైనా చేర్చాలా అని కంప్యూటర్ అడుగుతోంది. మామూలుగా అయితే మొదట్నుంచి చివరిదాకా విన్నాకగానీ ఆయన ముగించడు. కానీ ఇప్పుడు ఒకటే భయం — ఆ గుసగుస తన భార్య కార్డులోకి దూరితే? బతికినంతకాలం ఆవిడ మెడలోంచి అదే మాట్లాడితే?

కళ్ళు గట్టిగా మూసుకుని, ముగించేశాడు.

"...ఓ మహానుభావా," అంది గుసగుస. "చెవులు ఇంట్లో పెట్టొచ్చావా?"

ఆయన తెర లాగాడు. గాజుకి అటువైపు, వార్డు దుప్పటి కప్పుకుని, మైకుకి నోరు ఆనించి కూర్చుని ఉంది ఆయన భార్య. వార్డు వైపు తలుపు తీసుకుని వచ్చింది. మధ్యాహ్నం అన్నిసార్లు చదివీ చదివీ గొంతు అరిగిపోయి, గుసగుస తప్ప పైకి రావడం లేదు.

"రాయి మరి," అంది. "పిల్లల ముద్దుపేర్లు చెప్తా. నిన్ను తిట్టే తిట్లు చెప్తా. నాలుగంటే నాలుగే."

ఆయన కార్డు చేతిలోకి తీసుకుని అలాగే నిలబడిపోయాడు. ఆయన మొహం చూడగానే, కార్డు ముగించేశాడని ఆవిడకి అర్థమైపోయింది. గాజుకి ఇటూ అటూ ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు.

కుట్లు విప్పిన రోజు ఆవిడ మెడలో పెట్టె వేశారు. ఆవిడ ఓ మీట నొక్కింది.

"నాకు మంచినీళ్ళు ఇవ్వండి."

ఆవిడ గొంతే. ఎక్కడా మచ్చ లేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఆయన్ని ఒక్కసారి కూడా 'అండి' అనలేదు. ఆ రాత్రి గదిలో గుండె ఎలా జారిందో, పట్టపగలు అంతమంది మధ్య మళ్ళీ అలాగే జారింది. ఆయన అందించిన గ్లాసులో నీళ్ళు సగం ఆవిడ ఒళ్ళోనే ఒలికిపోయాయి.

ఆవిడ పెదాలు కదిలాయి. ఏ తిట్టో ఆయనకి తెలుసు. దాని కోసం తల వంచుకుని నిలబడ్డాడు.

శబ్దం రాలేదు. ఆవిడ వేలు ఇంకో మీట మీదికి వెళ్ళింది.

"మీకు ధన్యవాదాలు," అంది పెట్టె.